పద్దులో పేరున్నవాడికే

కోవిడ్ ఏడాదిలో సింగపూర్ పన్నుల శాఖ వసూళ్లు పక్కనపెట్టి డబ్బు పంచింది. ప్రభుత్వం అప్పులవాళ్ల మీద దావాలు ఆపింది. అద్దెలు మాఫీ చేయించింది. ఆ లెక్కల్లో మనవాళ్లకు అందినదెంత, అందకుండా పోయిందెంత?

2020 మార్చి 25 శార్వరి నామ సంవత్సర ఉగాది. భారతదేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు కూడా అదే. గుళ్లో కూర్చుని పంచాంగ శ్రవణం వినే యోగం ఆ ఏడు లేకపోయింది. ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అన్నది జనం టీవీల్లోనూ ఫోన్లలోనూ చూసుకున్నారు. మర్నాడు సింగపూర్ పార్లమెంటులో ఆర్థిక మంత్రి, ఉప ప్రధాని హెంగ్ స్వీ కియట్ లేచి తన దేశం ఆదాయ వ్యయాలు చదివారు. ఫిబ్రవరి 18న ఒక బడ్జెట్ పెట్టి నెలన్నర తిరక్కుండానే ఇది రెండోది. విలువ 4,840 కోట్ల సింగపూర్ డాలర్లు. తర్వాత ఏప్రిల్ 6న మూడోది, మే 26న నాలుగోది వచ్చాయి. వంద రోజులు నిండకముందే నాలుగు బడ్జెట్లు, మొత్తం దాదాపు 9,300 కోట్ల డాలర్లు. దేశ స్థూల ఉత్పత్తిలో ఇది ఇంచుమించు ఐదో వంతు. (ఇకపై డాలరన్నచోటల్లా సింగపూర్ డాలరే. అప్పట్లో మన రూపాయల్లో యాభై పైచిలుకు.)

పంచిపెట్టడంలో విశేషమేమీ లేదు. ఆ ఏడాది చేతనైన ప్రతి ప్రభుత్వమూ ఎంతో కొంత పంచింది. సింగపూర్‌లో చూడదగ్గది పంచిన దారి. కొత్త దరఖాస్తులు, కొత్త క్యూలు పెట్టకుండా అప్పటికే రాసి ఉన్న పద్దుల మీదుగా సొమ్ము నడిపించారు. ఎవరి పేరు ఏ ఖాతాలో ఉందో ఆ ఖాతాకే ఊరట వెళ్లింది. అందుకే అంత వేగంగా వెళ్లింది. కొందరి గుమ్మం దాకా రాకుండా ఆగిపోయిందీ అందుకే.

ముందు పన్ను బాకీల సంగతి. మామూలు రోజుల్లో అక్కడి ఇన్‌లాండ్ రెవెన్యూ అథారిటీతో ఆటలు సాగవు. ఏటా ఏప్రిల్ 18లోగా ఆన్‌లైన్‌లో రిటర్ను వేయాలి. పన్ను నోటీసు వచ్చిన నెలలోపు కట్టాలి. గడువు దాటితే 5 శాతం జరిమానా, అప్పటికీ కట్టకపోతే నెలకు ఒక్కో శాతం చొప్పున 12 దాకా. ఆపైన మీ బ్యాంకుకో, మీకు జీతమిచ్చే కంపెనీకో చెప్పి నేరుగా లాగేసుకునే అధికారం ఆ శాఖకుంది. దేశం దాటకుండా ఆపగలదు కూడా. ఇంత కఠినంగా ఉన్నా ఒక వెసులుబాటు మాత్రం ఎప్పటినుంచో ఉంది. బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా కోసుకునే జైరో పద్ధతికి ఒప్పుకుంటే పన్నును 12 వాయిదాల్లో, పైసా వడ్డీ లేకుండా కట్టుకోవచ్చు. అక్కడ ఉద్యోగం చేసే మనవాళ్లలో చాలామందికి జైరో అంటే ఇంటి అద్దెలాగే నెలసరి ఖర్చు.

2020లో రిటర్నుల గడువు మే 31కి జరిపారు. కంపెనీలు ఏప్రిల్, మే, జూన్ నెలల్లో కట్టాల్సిన ఆదాయ పన్నును మూడేసి నెలలు వెనక్కి నెట్టారు. స్వయం ఉపాధి వాళ్లకు మే, జూన్, జులై వాయిదాలు అలాగే జరిగాయి. ఇందుకోసం ఎవరూ అర్జీ పెట్టుకోనక్కర్లేదు. ఆ నెల ఖాతాలోంచి డబ్బు కోత పడలేదు, అంతే. కంపెనీల పన్నులో 25 శాతం రిబేటు కూడా ఇచ్చారు కానీ దానికి 15,000 డాలర్ల పరిమితి ఉంది. కొట్టేసింది కొంచెం, జరిపింది ఎక్కువ.

రోగం వచ్చినప్పుడు ఖజానా లెక్కలకు తిప్పలు రావడం కొత్త కాదు. 1665లో లండన్‌ను ప్లేగు కమ్మేస్తే ఇంగ్లండ్ ఖజానా కార్యాలయం ఊరొదిలి నాన్‌సచ్ అనే రాజభవనానికి మారింది. అప్పుడు డచ్చివాళ్లతో యుద్ధం నడుస్తోంది. నౌకాదళ కార్యాలయం అధికారి శామ్యూల్ పీప్స్ తన శాఖకు రావాల్సిన సొమ్ము కోసం ఆ భవనానికి వెళ్లాల్సి వచ్చింది. ఆ రోజుల్లో సర్కారు ఇచ్చే రసీదులు కర్రలు. ముక్కకు గంట్లు పెట్టి, నిలువునా చీల్చి, సగం సొమ్మిచ్చినవాడికిచ్చి సగం ఖజానాలో ఉంచేవారు. కర్ర దక్కినవాడు దాన్ని చూపించి అప్పు పుట్టించుకోగలిగేవాడు. ఓడల మీద పనిచేసిన నావికులకు మాత్రం జీతం బదులు చీటీ చేతిలో పెట్టారు. ఆకలికి ఆగలేక వాళ్లు వాటిని ఎంతకో కొంతకు తెగనమ్ముకున్నారు. మూడున్నర శతాబ్దాల తర్వాత సింగపూర్‌లో కర్రలూ లేవు, చీటీలూ లేవు. పద్దులో చోటున్నవాడికీ లేనివాడికీ మధ్య దూరం మాత్రం ఉంది.

ఇంత డబ్బు ఎక్కడిది? సింగపూర్ అప్పు చేసి పంచలేదు. దాచింది తీసింది. పాత ప్రభుత్వాలు మిగిల్చిన నిల్వను ఇప్పటి ప్రభుత్వం తనంతట తాను ముట్టుకోకుండా 1991లో రాజ్యాంగం సవరించారు. ప్రభుత్వం ఒక తాళంచెవి తిప్పితే, జనం ఎన్నుకునే అధ్యక్షుడు రెండో చెవి తిప్పాలి. 2008 నాటి మాంద్యం దెబ్బకు మొదటిసారి ఆ పెట్టె తెరిచారు. అధ్యక్షుడు ఎస్.ఆర్. నాథన్ 490 కోట్లు తీయడానికి ఒప్పుకున్నారు. 2011లో 400 కోట్లు తిరిగి వేశారు. 2020లో అధ్యక్షురాలు హలీమా యాకోబ్ ముందుకు మూడుసార్లు కాగితం వెళ్లింది. 1,700 కోట్లు, 400 కోట్లు, 3,100 కోట్లు, కలిపి 5,200 కోట్ల దాకా. మూడేళ్లు గడిచాక లెక్క చూస్తే నిజంగా తీసింది 4,000 కోట్లు. అనుకున్నదానికన్నా తక్కువ ఖర్చుతో గట్టెక్కామని చెప్పుకునే అవకాశం ఎన్ని ఖజానాలకు దొరుకుతుంది?

సొమ్ము సిద్ధమైంది, ఇక పంపాలి. ఆ పని పన్నుల శాఖకే అప్పగించారు. ఉద్యోగులను తీసేయకుండా ఉంచుకున్న కంపెనీలకు జీతాల్లో వాటా ఇచ్చే పథకం పేరు జాబ్స్ సపోర్ట్ స్కీమ్. ఫిబ్రవరిలో 8 శాతంతో మొదలై మార్చికి 25 అయింది. భోజన హోటళ్లకు 50, విమానయాన, పర్యాటక రంగాలకు 75. సింగపూర్‌లోనూ లాక్‌డౌన్ వచ్చిన ఏప్రిల్‌కు అన్ని రంగాలకూ 75 శాతం. నెల జీతంలో మొదటి 4,600 డాలర్ల మీదే ఈ లెక్క. ఎవరికి ఎంత అన్నది తేల్చడానికి పన్నుల శాఖ ఎవరినీ ఏమీ అడగలేదు. మన పీఎఫ్ లాంటి సీపీఎఫ్ ఖాతాల్లో ప్రతి ఉద్యోగి పేరుతో యజమాని ఎంత కట్టాడో చూసి, గుణించి పంపేసింది. దొంగ లెక్కలని అనుమానమొచ్చిన కంపెనీలకు మాత్రం చెల్లింపు ఆపి, జీతాల పత్రాలు చూపించమంది. ఈ ఒక్క పథకం కిందే దాదాపు 2,800 కోట్లు వెళ్లాయి.

అయితే సీపీఎఫ్ ఉండేది పౌరులకు, శాశ్వత నివాసులకు. ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద పనిచేసే హైదరాబాద్ ఇంజనీరుకు, వర్క్ పర్మిట్ మీద పోయిన గోదావరి జిల్లా తాపీమేస్త్రీకి ఆ ఖాతా లేదు. వాళ్ల జీతాల మీద కంపెనీకి ఈ పథకంలో నయాపైసా రాలేదు. ఉద్యోగాలు తగ్గించాల్సొచ్చినప్పుడు యజమాని పెన్ను ఏ పేరు మీద ముందు ఆగుతుందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

అద్దెల లెక్క దీనికన్నా ముచ్చటైనది. లిటిల్ ఇండియాలో సెరంగూన్ రోడ్డు పక్క సందులో నెలకు 10,000 డాలర్ల అద్దెకు నడిచే ఒక భోజన హోటల్ అనుకుందాం. ఏడాదికి అద్దె 1,20,000. వాణిజ్య ఆస్తి మీద పన్ను సాలీనా అద్దె విలువలో 10 శాతం, అంటే 12,000. సర్కారు ఆ ఏడాదికి అలాంటి దుకాణాల ఆస్తి పన్ను మొత్తం రద్దు చేసింది. పన్ను కట్టేది యజమాని కాబట్టి లాభం యజమానికి. కానీ ఆ రిబేటును అద్దెకున్నవాడికి దించి తీరాలని ఏప్రిల్ 7న పార్లమెంటు ఒక్క రోజులో చట్టం చేసింది. ఎగ్గొడితే 5,000 డాలర్ల దాకా జరిమానా. సరే, హోటల్ వాడికి 12,000 తగ్గింది. అంటే నెల అద్దె, దాని మీద మరో ఐదో వంతు. తర్వాత పన్నుల శాఖ యజమానికి ఇంకో 0.8 నెల అద్దెకు సరిపడా నగదు పంపింది. 1.2కి 0.8 కలిపితే రెండు నెలలు. ఈ దశాంశాలు ఎక్కడివని తల గోక్కున్నవాళ్లకు జవాబు ఇదే. హోటల్ రాబడి ఏప్రిల్, మే నెలల్లో అంతకుముందు ఏడాది కన్నా 35 శాతమో అంతకు మించో పడిపోయి ఉంటే, ఇంకో రెండు నెలలు యజమాని తన జేబులోంచి వదులుకోవాలి. మొత్తం నాలుగు నెలలు. గల్లాపెట్టె ముందు కూర్చునే మనిషికి పార్లమెంటులో జరిగింది అర్థమయ్యేది ఇలాంటి అంకెల్లోనే.

మన దగ్గర ఆ ఏడు కిరాయిదారూ ఓనరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, సగానికో ముప్పాతికకో ఒప్పందానికి వచ్చారు. రానివాళ్లు షట్టర్ దించి తాళాలు ఇచ్చేశారు. ఏది నయమంటే, చట్టం చేసి కొలత చెప్పడమే నయం. మొహమాటం బాకీ తీర్చదు.

సింగపూర్‌లో ఏప్రిల్ 7 నాటి ఆ చట్టమే అప్పులవాళ్లకూ కొంత ఊపిరి ఇచ్చింది. అంతకుముందు 15,000 డాలర్ల బాకీ ఉంటే చాలు, మనిషిని దివాలా తీయించమని కోర్టుకెళ్లొచ్చు. దాన్ని 60,000కు పెంచారు. కంపెనీలకు 10,000 నుంచి లక్షకు. నోటీసు అందాక 21 రోజుల్లో బదులివ్వాల్సింది ఆరు నెలలు చేశారు. ఈ రక్షణ అక్టోబర్ 19 దాకా నడిచింది. బాకీ మాత్రం రద్దు కాలేదు. అప్పిచ్చినవాడు తలుపు తట్టకుండా గడువు గీశారు.

ఇక మనవాళ్లలో ఉద్యోగం పోయినవాళ్ల సంగతి. విదేశీయుడు ఉద్యోగం మానేసినా, మూడు నెలలకు మించి దేశం వదిలి వెళ్తున్నా, కంపెనీ నెల ముందే ఐఆర్21 అనే పత్రం పన్నుల శాఖకు పంపాలి. అతను మానేస్తున్న సంగతి తెలిసిన రోజు నుంచే అతనికి ఇవ్వాల్సిన ప్రతి డాలరూ, జీతం, సెలవుల డబ్బు, బోనస్, అన్నీ పట్టి ఉంచాలి. ఆ ఏడాది పన్ను తేల్చి, కోసుకుని, లెక్క సరిపోయిందని శాఖ చెప్పాకే మిగిలింది చేతికొస్తుంది. పన్ను ఎగ్గొట్టి విమానం ఎక్కకుండా పెట్టిన నిబంధన. మామూలు రోజుల్లో పెద్ద ఇబ్బందేమీ కాదు. కొత్త ఉద్యోగం ఖాయం చేసుకుని పోయేవాడికి రెండు వారాలు ఆగడం కష్టమా?

2020 ఏప్రిల్‌లో అదే నిబంధన పీక మీదికొచ్చింది. మార్చి 22 నుంచి భారత్‌లోకి అంతర్జాతీయ విమానాలు లేవు. ఉద్యోగం పోతే పాస్ రద్దు. పాస్ రద్దయితే ఉండనిచ్చేది మామూలుగా నెల. ఇంటి అద్దె ఒప్పందం ఇంకా నడుస్తుంటుంది. ఆఖరి నెల జీతం పన్ను లెక్క కింద ఆగి ఉంటుంది. చేతికి రావాల్సిన డబ్బు రాదు, పోవాల్సిన విమానం లేదు. మే మొదటి వారంలో, ఇరుక్కున్నవాళ్లను స్వదేశానికి చేర్చే వందే భారత్ విమానాలు మొదలయ్యాక పేర్లు నమోదు చేసుకుని, ఎప్పుడు పిలుస్తారో తెలియక సూట్‌కేసులు సర్ది పెట్టుకున్న కుటుంబాల్లో ఇలాంటి లెక్కలు తెగనివాళ్లూ ఉన్నారు.

దీనికి ఎదురు చిక్కు ఇంకోటి. సెలవుకని ఊరొచ్చి ఇరుక్కున్నవాళ్లు. ఏ దేశంలో ఎన్ని రోజులున్నారన్నదాని మీదే పన్ను ఏ దేశానిదన్నది తేలుతుంది. సింగపూర్‌లో ఆ గీత 183 రోజులు. భీమవరంలోనో కరీంనగర్‌లోనో అత్తగారింట్లో లాప్‌టాప్ పెట్టుకుని సింగపూర్ కంపెనీకి పనిచేస్తే ఆ జీతం ఎవరి పద్దు? మన ప్రత్యక్ష పన్నుల బోర్డు మే 8న ఒక సర్క్యులర్ ఇచ్చింది. మార్చి 22 నుంచి 31 దాకా ఇరుక్కున్న రోజులను 2019-20 లెక్కలోంచి తీసేయవచ్చంది. తర్వాతి ఏడాదికి అలాంటి గుండుగుత్త మినహాయింపు ఇవ్వలేదు. రెండు దేశాల మధ్య 1994 నాటి ఒప్పందం ఉంది, రెండుచోట్లా పన్ను పడితే అర్జీ పెట్టుకోండి అంది. చార్టర్డ్ అకౌంటెంట్లకు ఆ ఏడాది పని కరువు రాలేదు.

వీళ్లందరికీ కనీసం పన్ను పద్దులో పేరుంది. వాదించుకోవడానికి ఒక నంబరుంది. డార్మిటరీల్లో ఉన్నవాళ్ల సంగతి వేరు. భవన నిర్మాణం, ఓడల యార్డుల్లో పనిచేసే విదేశీ కార్మికులు సుమారు 3,23,000 మంది ఆ ఏడాది డార్మిటరీల్లో ఉన్నారు. బంగ్లాదేశ్, తమిళనాడు వాళ్లు ఎక్కువ. ఆ గదుల్లో గోదావరి జిల్లాల యాస, శ్రీకాకుళం యాస కూడా వినపడతాయి. ఏప్రిల్ 5న పుంగోల్‌లోని ఎస్11, తోగ్వాన్‌లోని వెస్ట్‌లైట్ డార్మిటరీలకు మొదట తాళాలు పడ్డాయి. తర్వాత అన్నిటికీ. డిసెంబర్ 14న ప్రభుత్వం ప్రకటించిన లెక్క ప్రకారం ఆ కార్మికుల్లో 1,52,794 మందికి వైరస్ సోకింది. నూటికి 47 మందికి.

డార్మిటరీలో ఉండే ఈ కార్మికుడు ఆదాయ పన్ను కట్టడు. అక్కడ నివాసిగా లెక్కకొచ్చినవాడి ఏటి ఆదాయంలో మొదటి 20,000 డాలర్లకు పన్ను లేదు, అంతకు మించి అతను సంపాదించేది అరుదు. కానీ అతని తల మీద ప్రతి నెలా సర్కారుకు ఒక పన్ను వెళ్తుంది. దాని పేరు ఫారిన్ వర్కర్ లెవీ. యజమాని కట్టాలి, కార్మికుడి జీతంలోంచి కోయకూడదు. నిర్మాణ రంగంలో అప్పట్లో నైపుణ్యాన్ని బట్టి నెలకు 300 నుంచి 950 డాలర్లు. కొత్తగా వచ్చిన మనిషి మూలవేతనం ఎంతో, అతని పేరున సర్కారుకు వెళ్లేదీ ఇంచుమించు అంతే.

ఏప్రిల్‌లో ఆ లెవీ మాఫీ చేశారు. మాఫీతో ఆగకుండా, అంతకుముందు కట్టిన లెవీలోంచి ఒక్కో కార్మికుడికి 750 డాలర్లు వెనక్కిచ్చారు. మేలోనూ ఇచ్చారు. పనులు మొదలవని కంపెనీలకు జూన్‌లో మళ్లీ 750, జులైలో 375. అన్నీ యజమాని ఖాతాకే. తిండి, బస, జీతం చూసుకోవడానికని ఉద్దేశం. చూసుకున్న యజమానులు ఉన్నారు. మూలవేతనం ఇచ్చి, ఓవర్‌టైం లేదు కాబట్టి ఇంతేనన్నవాళ్లూ ఉన్నారు. ఓవర్‌టైం లేని జీతమంటే ఏమిటో ఆ పనికి పోయినవాళ్ల ఇళ్లల్లో తెలుసు. ఇంటికొచ్చే డబ్బులో పెద్ద భాగం అదే. పౌరుడైన ప్రతి వయోజనుడికీ ఏప్రిల్‌లో 600 డాలర్లు నేరుగా బ్యాంకులో పడ్డాయి. కార్మికుడి పేరున నేరుగా ఏమీ పడలేదు. అతని పేరున వచ్చిన రిబేటు అతని చేతి మీదుగా పోలేదు.

ఒక మంచి జరిగింది. డార్మిటరీల్లో ఉన్నవాళ్లకు జీతం బ్యాంకులోనే వేయాలని మే నెలలో ప్రభుత్వం ఆదేశించింది. అప్పటిదాకా నగదు కవర్లలో జీతం తీసుకుని, ఆదివారం లిటిల్ ఇండియాలో డబ్బు పంపే దుకాణాల ముందు వరస కట్టినవాళ్లు చాలామంది. ఇప్పుడు మంచం మీద కూర్చునే ఫోన్లోంచి ఊరికి పంపడం నేర్చుకున్నారు. ఎంత జీతం పడింది, ఎప్పుడు పడిందన్నదానికి ఇప్పుడు రుజువుంది. నా దృష్టిలో ఆ నాలుగు బడ్జెట్ల వేల కోట్లకన్నా ఈ ఒక్క ఆదేశం వాళ్లకు ఎక్కువ మేలు చేసింది.

ఊళ్లో అప్పు మాత్రం ఆగలేదు. సింగపూర్ చట్టం ప్రకారం అక్కడి ఏజెన్సీ కార్మికుడి దగ్గర రెండు నెలల జీతానికి మించి తీసుకోకూడదు. ఇక్కడి మధ్యవర్తికి ఆ చట్టంతో పనిలేదు. శిక్షణ, పరీక్ష, వీసా అంటూ లక్షలు పోస్తారు. పొలం తాకట్టో, పుస్తెలతాడు తాకట్టో, నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటో. మార్చి 27న మన రిజర్వు బ్యాంకు బ్యాంకు అప్పుల మీద మారటోరియం ప్రకటించింది, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. 2 కోట్ల లోపు అప్పులకు చక్రవడ్డీ భారం కేంద్రమే భరించింది కూడా. సింగపూర్‌లో ఇంటి అప్పులున్నవాళ్లకు డిసెంబర్ దాకా వాయిదా దొరికింది. నోటు రాసి తెచ్చిన అప్పుకు ఏ దేశం మారటోరియమూ వర్తించలేదు. ఎవరి పుస్తకంలోనూ లేని అప్పు అది. డార్మిటరీ గదిలో పని లేకుండా గడిచిన నెలలకూ దాని వడ్డీ నడిచింది.

సింగపూర్ తన లెక్కలు చాలా త్వరగా సర్దుకుంది. 2020-21లో పన్ను వసూళ్లు 5,350 కోట్ల నుంచి 4,960 కోట్లకు పడ్డాయి. ఆ మరుసటి ఏడాదే 6,070 కోట్లకు లేచాయి. వాయిదా వేసిన పన్నులు వచ్చాయి, వ్యాపారాలు పుంజుకున్నాయి. 2020 ఫిబ్రవరి బడ్జెట్‌లో వచ్చే ఏడాది పెంచబోమన్న జీఎస్టీని 2023 జనవరిలో 7 నుంచి 8కి, 2024 జనవరిలో 9కి తెచ్చారు. కోవిడ్ పద్దు పూడ్చడానికి కాదు, వయసు మళ్లుతున్న జనాభా వైద్యం కోసమని సర్కారు వివరణ. కావచ్చు, ఆ పెంపు 2018లోనే చెప్పారు. కానీ బియ్యం బస్తాకూ బస్సు చార్జీకీ కట్టే పన్నులో పౌరుడు, పాస్ మీద ఉన్నవాడు అన్న తేడా ఉండదు. 2020లో ఊరట పంచేటప్పుడు ఆ తేడా ఉంది.

లెవీ మళ్లీ మామూలుగా కడుతున్నారు. 2024 జనవరి నుంచి నిర్మాణ రంగంలో నైపుణ్యమున్న కార్మికుడి పేరున నెలకు 500 డాలర్లు, సాధారణ కార్మికుడి పేరున 900.